నవ్వుల నవలలు, కట్నమడుగని నాయకుడు



మధ్యాహ్న భోజనములైన పిమ్మట, వంటయిల్లు సర్దుకొని, మరల సాయంకాలపు పొయ్యి వెలిగించులోపల గృహిణికి దొరకు గంటసేపు ఆమె సొంతము. ఆ గంటలో ఆమె యేమి చదువుచున్నదో తొంగిచూచి ఆక్షేపించువారు ప్రతి యింటను ఒక్కరైన నుందురు. "మరల ఆ ప్రేమ నవలయేనా?" యను మాట వినని స్త్రీ అరుదు. ఇపుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో తల్లులు తమ కుమార్తెలను గూర్చి అదే మాట అనుచున్నారు. నవ్వుచు నవ్వించుచు సాగిపోవు ప్రేమకథలు, వానిలో లోకమున కానరానంతటి గుణవంతుడైన నాయకుడు, ఇవి పిల్లల మనస్సులను చెఱుపవా యని వారి సందేహము. ఈ మాసము ఈ సందేహమునే విచారింతము.

ముందుగా ఒక్క మాట. నవల యనగానే మొగము చిట్లించుట మన ప్రాంతపు సంప్రదాయము కాదు. నిజాము పాలనలో తెలుగు చదువునకు ఆదరణము కఱవైన దినములలో, 1928లో, సూర్యాపేటయందు గ్రంథాలయ సభ జరిగినది. 1941లో కోదాడకు సమీపముననున్న చిలుకూరులో ఆంధ్రమహాసభ జరిగినది. తెలుగు పుస్తకమొకటి చేతికి దొరకుటయే భాగ్యమని యెంచినవారు మన పెద్దలు. సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెమున పుట్టి, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమున తుపాకి పట్టి, 2022లో దివంగతురాలైన మల్లు స్వరాజ్యముగారు, చిన్ననాడు చదివిన గోర్కీ 'అమ్మ' నవల తమ్ము కదలించినదని చెప్పుచుండెడివారు. నవల మనస్సును కదలించుననుటకు ఇంతకన్న దగ్గఱి సాక్ష్యము మనకు వలదు.

"అది గంభీరమైన గ్రంథము, ఆ పోలిక ఈ నవ్వుల కథలకు చెల్లునా?" యని యడుగవచ్చును. చెల్లదు. పోరాటమునకు పురికొల్పు పుస్తకము వేఱు, వంటయింటిలో కూర్చుండి నవ్వుకొను పుస్తకము వేఱు. అయినను రెండవదియు మనస్సున ఏదో యొక పని చేయకపోదు. ఆ పని యేదియో తెలిసికొనకుండ పుస్తకమును లాగికొని అటకమీద పడవేయుట న్యాయము కాదు.

తెలుగు నవలలలో నాయకుని చరిత్ర చూచినచో వేడుకగా నుండును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో ప్రకటింప నారంభించిన 'రాజశేఖర చరిత్రము'నందలి రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడి, బంగారము చేసి యిత్తునన్నవానిని నమ్మి, ఉన్న యాస్తి ఊడ్చిపెట్టుకొనిన అమాయకుడు. ఎనుబదేండ్లు దాటిన పిమ్మట, 1960వ దశకమున, యద్దనపూడి సులోచనారాణిగారు 'జ్యోతి' మాసపత్రికలో 'సెక్రటరీ' నవలను ధారావాహికముగ వ్రాసిరి. చిత్రమేమనగా అందలి నాయకుని పేరును రాజశేఖరమే! కాని యీ రాజశేఖరము ఆస్తి పోగొట్టుకొనువాడు కాడు. సంపన్నుడు, అందగాడు, మాట పొదుపరి. అతనియొద్ద ఉద్యోగము చేయు మధ్యతరగతి యువతి జయంతి అభిమానవతి. అతని ధనమునకు లొంగనిది. ఆ యిద్దఱి నడుమ నడచిన పంతములను, అలుకలను, చెప్పని ప్రేమను తెలుగు స్త్రీలు నెలనెలయు ఎదురుచూచి చదివిరి. 1976లో ఆ కథ అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నటించిన చలనచిత్రమైనది.

సులోచనారాణిగారు 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామమున జన్మించి, 2018లో అమెరికాలో కాలధర్మము నొందిరి. ఆమె నాయకుని "ఆరడుగుల అందగాడు" అని పాఠకులే ముద్దుగ వెక్కిరించుచుండిరి. వెక్కిరించుచునే తరువాతి సంచికకై కాచుకొనియుండిరి. ఆమె ఒక్కరే కాదు. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' యను చలనచిత్రమైనది. ఆమెదే 'ప్రేమ్‌నగర్' 1971లో తెరకెక్కినది. ఆ ఇరువదేండ్లును వారపత్రికలు, మాసపత్రికలు స్త్రీల నవలలతో నడచినవనిన అతిశయోక్తి కాదు.

మన పట్టణములకు ఈ నవలలు వచ్చి చేరిన కాలమును గూడ గుర్తు చేసికొందము. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టపొలములు అనేకము మాగాణులైనవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుగన్నది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గము సూర్యాపేట, కోదాడలమీదుగనే పోవును గనుక రెండు నగరముల పత్రికలకును దారి సుగమము. కొంచెము వరి పండి, కొంచెము డబ్బు చేతనాడి, ఆడపిల్ల ఉన్నతపాఠశాలకు పోవ నారంభించిన కుటుంబములలోనికి ఈ నవలలు ప్రవేశించినవి. ఊరూర వెలసిన అద్దె పుస్తకముల దుకాణములలో ఒకరు చదివి యిచ్చిన పుస్తకమును ఇంకొకరు తెచ్చుకొనుచుండిరి. ఇల్లు కదలని కోడలికి పుస్తకము తెచ్చిపెట్టు దూత తఱచుగ ఇంటి చిన్న మఱదియో, ఆడపడుచో!

ఇక హాస్యమునకు వత్తము. గంభీరమైన ప్రేమనవలలో నాయకుడు ఎత్తైన పీఠముమీద నుండును. హాస్యనవలలో అతడు జాఱి బురదలో పడును. పడి, లేచి, తన్ను చూచి తానే నవ్వుకొనును. ఈ భేదము చిన్నది కాదు. మన సాహిత్యమున దీనికి మంచి పునాది కలదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. పసిపిల్లలను వృద్ధులకమ్ము దురాచారమును ఆయన నవ్వుతోనే ఎదిరించిరి. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము కథలలో మగడే తన భార్య చేతిలో తానెట్లు నవ్వులపాలగుచున్నాడో చెప్పుకొనును, చెప్పుకొనుచు మురిసిపోవును. భార్య తన్ను చూచి నవ్వినచో పరువు పోయినదనుకొనని మగవానిని మునిమాణిక్యముగారు మనకట్లు పరిచయము చేసిరి.

ఆ పునాదిమీద వెలసిన ప్రేమకథలలో ఒకదానిని ఉదాహరింతము. పొత్తూరి విజయలక్ష్మిగారి 'ప్రేమలేఖ' నవలను గ్రహించి జంధ్యాలగారు 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ' యను చలనచిత్రము తీసిరి. నరేశ్, పూర్ణిమ అందు నాయికానాయకులు. ఒక యువతి, ఇంకను కంటబడని, పేరైనను తెలియని తన కాబోవు శ్రీవారికి వేడుకకై యొక ప్రేమలేఖ వ్రాసి తపాలాలో వేయును. అది యొక యువకుని చేతబడును. వ్రాసినదాని మొగము చూడకయే ఆ మాటలను ప్రేమించి, అతడామెను వెదకుకొనుచు బయలుదేఱును. పూర్వము దమయంతికి హంస దొరకినది. ఈ కాలపు నాయికకు తపాలాపెట్టె దొరకినది.

ఈ నాయకుని గొప్పతనమెందున్నది? అతనికి మేడలు కలవా, కారు కలదా యని మనము అడుగుటయే మఱచిపోవుదుము. అతడు చేసిన ఘనకార్యమొక్కటియే: ఒక స్త్రీ వ్రాసిన మాటలను శ్రద్ధగ చదివినాడు. వానికి విలువ యిచ్చినాడు. తన మాట యింటిలో సగమైనను పూర్తి కాకమునుపే "సరే, సరే" యని త్రోసివేయబడు స్త్రీకి ఇంతకన్న ఆదర్శపురుషుడెవడు?

ఆ కథలోనే మఱియొక విశేషము గలదు. అందలి తండ్రి పట్టిన పట్టు విడువనివాడు. పిల్లల పెండ్లి తన మాటమీదనే జరుగవలెనను కోపిష్ఠి. చలనచిత్రమున ఆ పాత్రను సుత్తి వీరభద్రరావుగారు ధరించిరి. ఆ తండ్రి కేకలకు ఇల్లు వణకును. చూచు మనము మాత్రము కడుపుబ్బ నవ్వుదుము. ఏ గొంతు విని మన యిండ్లలో పిల్లలు తలుపుచాటున నక్కుదురో ఆ గొంతునే విని అందఱితో కలిసి నవ్వుటకు అనుమతి దొరకినది. ఇదియే నవ్వుల నవల చేయు పని యని మా యభిప్రాయము. ప్రేమను వర్ణించుట దాని పైపని. భయమును కొంచెము కొంచెముగ కరగించుట దాని లోపని.

ఇది మన దేశమున మాత్రమే యున్న సంగతి కాదు. ఇంగ్లాండున జేన్ ఆస్టిన్ యను నామె 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ప్రకటించినది. పుస్తకముమీద తన పేరైనను వేసికొనలేదు. అందలి డార్సీ గొప్ప ఆస్తిపరుడు, అహంభావి. ఎలిజబెత్ అతనిని చూచి నవ్వినది. అతడు మొదట కోరిన పెండ్లిని త్రోసిపుచ్చినది. అతడు కోపించి పగబట్టలేదు. తన నడవడిని దిద్దుకొనినాడు. రెండువందల యేండ్లు దాటినను ఆ డార్సీని స్త్రీలు మఱువకుండుటకు కారణమతని మేడ కాదు, "కాదు" అను మాటను అతడు వినగలిగి యుండుట.

కావున, సోదరీమణులారా, ఆదర్శనాయకుని నొకసారి రెండు భాగములుగ విడదీసి చూతము. ధనముతో వచ్చు గుణములొక ప్రక్క నుంచుడు: కారు, బంగళా, పట్టుబట్టలు, విదేశయాత్ర. నోటితోను మనస్సుతోను వచ్చు గుణములు రెండవ ప్రక్క నుంచుడు: అడిగి తెలిసికొనుట, చెప్పినది వినుట, తప్పయినచో ఒప్పుకొనుట, నలుగురిలో భార్యను తేలిక చేయకుండుట, అలసివచ్చినదానికి గ్లాసెడు మంచినీరందించుట. మొదటి ప్రక్కనున్నవి కొందఱికే సాధ్యము. రెండవ ప్రక్కనున్నవి బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయువానికిని, లారీ నడపువానికిని, పాఠశాలలో పంతులునకును సాధ్యమే. ఒక్క కాసు ఖర్చు లేదు. అద్దె పుస్తకమును గడువు దాటినను తిరిగి యీయ మనసొప్పని పాఠకురాలు ఏ పుటలయొద్ద ఆగి మరల చదివెనో అడిగి చూడుడు. కారు వర్ణనయొద్ద కాదు.

ఈ నాయకునిలో మఱియొక గుణము గలదు. అది యెంత సహజముగ కథలో కలిసిపోయినదనగా మనము గమనింపనే గమనింపము. అతడు కట్నమడుగడు. 'సెక్రటరీ'లోని రాజశేఖరము పేదపిల్లయైన జయంతిని కోరునపుడు ఇచ్చిపుచ్చుకొనుటల ప్రసక్తియే లేదు. మన దేశమున వరకట్న నిషేధపు చట్టము 1961లో వచ్చినది. ఆ చట్టము వచ్చిన దశకముననే ఈ నవలలును విరివిగ వచ్చినవి. చట్టము పుస్తకమున నిలిచినది. కట్నము పెండ్లిపందిరిలో నిలిచినది. ఎకరములు, తులములు, బండ్లు లెక్కపెట్టి బేరమాడు సంబంధముల నడుమ పెరుగు ఆడపిల్లకు, తన్ను తననుగా కోరుకొను వరుడు నవలలో తప్ప కనబడలేదు. ఆమె స్వప్నమును వెఱ్ఱి యని నవ్వువారు, ఆ వెఱ్ఱిలో చట్టమునకు విరుద్ధమైనది ఒక్కటియు లేదని గ్రహింపవలెను. చట్టవిరుద్ధమైనది మన వ్యవహారమే!

ఇట్లు చెప్పినంత మాత్రమున ఈ నవలలు నిర్దోషములని మా తాత్పర్యము కాదు. వీనిలో లోపములున్నవి. నాయిక తెల్లగ, నాజూకుగ నుండితీరవలెను. నల్లని పిల్ల నాయికకు స్నేహితురాలు మాత్రమే కావలెను. కొన్నిటిలో నాయకుని దురుసుతనమును పౌరుషమని, అతడు చేయి చేసికొనుటను ప్రేమ యని మెచ్చుకొనిరి. ఇది విషము. కూతురు చదువు పుస్తకమున అట్టి పుటయున్నచో పుస్తకమును లాగికొనవలదు, "ఈ పని మన వీధిలోని పిల్లవాడు చేసినచో నీవేమందువు?" అని యడుగుడు. ఆ ప్రశ్నయే విరుగుడు. కథ పెండ్లితో ముగియుట ఇంకొక లోపము. మఱునాటి ఉదయము అంట్లు తోమువారెవరో ఏ రచయిత్రియు చెప్పదు. మునిమాణిక్యముగారి వంటివారు పెండ్లి తరువాతనే కథ మొదలుపెట్టిరి గనుకనే కాంతము మన యింటిమనిషియైనది.

అన్నిటికన్న పెద్దలోపము వేఱొకటి. ఈ ప్రేమకథలలో అడ్డు వచ్చునది తఱచుగ పేదఱికము, అపార్థము, పెద్దల పట్టుదల; అంతే. కులము మాట తలపెట్టునవి తక్కువ. తండ్రి కేకలు వేయును, తలుపు మూయును, కడపటి పుటలో కరగి ఆశీర్వదించును. జీవితమున నట్లు జరుగునని నమ్మి ముందడుగు వేసిన పిల్లల గతియేమి? ఈ ప్రశ్న మన ముంగిటనే రక్తముతో వ్రాయబడినది. 2018లో మిర్యాలగూడలో, తాను కోరిన వేఱు కులపు కన్యను వివాహమాడిన దళిత యువకుని, పట్టపగలు, ఆసుపత్రి యెదుట, గర్భవతియైన భార్య చూచుచుండగనే నఱికి చంపిరి. కిరాయికి మనుష్యులను పెట్టి ఈ పని చేయించిరి. 2025లో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవశిక్షయు విధించినది. తీర్పు వచ్చినది, మనిషి రాలేదు.

ఆ వార్త విన్నపుడు "చూచితిరా, ప్రేమకథల ఫలమిది" అన్నవారు లేకపోలేదు. మేమట్లనజాలము. ఆ కత్తిని ఏ నవలయు చేతికీయలేదు. ఇంటి పెద్ద పరువు కూతురి ప్రాణముకన్న, అల్లుని ప్రాణముకన్న మిన్న యను భావన ఆ కత్తిని ఎత్తించినది. ఆ భావనను పెంచినవి ప్రేమనవలలు కావు. నవ్వెఱుగని యిండ్లు, ఎదురుమాట వినని పెద్దఱికములు. ఒకనాడైనను తన పట్టుదలను చూచి తాను నవ్వుకొనగలిగిన తండ్రి, కూతురు తనకు నచ్చని పని చేసినపుడు అలుగవచ్చును, మాట మానవచ్చును, ఏడ్వవచ్చును. హంతకులకు డబ్బు లెక్కపెట్టడు.

నవ్వుల నవలలో కడపటి పుటయందు తండ్రి కరగుట అబద్ధమే కావచ్చును. కాని యట్టి తండ్రి యుండవచ్చునని ఊహింపగలుగుట అబద్ధము కాదు. మొదట ఊహలో లేనిది తరువాత ఇంటిలోనికి ఎట్లు వచ్చును?

కావున తల్లులకు మా సలహా యిది. కుమార్తె చదువు నవలను మీరును చదువుడు. చాటుగ గాక, ఆమె యెదుటనే చదువుడు. నవ్వు వచ్చిన పుటను వంటయింటిలో బిగ్గఱగ చదివి వినిపింపుడు. వసారాలో పత్రిక చూచుకొనుచున్న ఇంటాయన చెవిని కూడ నాలుగు మాటలు పడనిండు. కోపిష్ఠి తండ్రి పాత్ర వచ్చినపుడు ఆయనయు నవ్వినచో, ఆ దినము మీ యింటికి శుభదినము. "ఆ నాయకునిలో నీకు నచ్చినదేమి?" అని కుమార్తె నడుగుడు. కారు అని చెప్పినచో, ఇంకను పసితనము పోలేదని నవ్వుకొనుడు. "ఆమె చెప్పినది వింటాడమ్మా" అని చెప్పినచో, సంబంధములు చూచునాడు ఆ మాట మఱువకుడు. వరుని యెకరములను మధ్యవర్తి చెప్పును. వరుడు తన తల్లి మాట్లాడునపుడు వినునో, నడుమనే ఖండించునో మీరే కనిపెట్టవలెను. పెండ్లిచూపులలో దానికి అరగంట చాలును.

కొడుకులున్న తల్లులకు ఇంకొక మనవి. ఈ పుస్తకములు ఆడపిల్లలవని వారికీయక దాచిపెట్టుదురు. దాచవలదు. స్త్రీలు ఇన్నేండ్లుగ ఏ గుణములను చూచి మురిసిపోయిరో అవి అచ్చులో చౌకగ దొరకుచున్నవి గదా. పదునెనిమిదేండ్ల పిల్లవానికి అంతకన్న ఉపయోగకరమైన పాఠ్యపుస్తకమేది? చదివి, "నాయకుడెందుకు కట్నమడుగలేదమ్మా?" అని వాడు మిమ్ములను ప్రశ్నించినచో, సమాధానము సిద్ధముగ నుంచుకొనుడు.